అమ్మ బయట తింటోంది

ఫిబ్రవరి 3

వదినగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాం. అత్తయ్యగారు కులాసా. ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేద్దామనుకున్నాను గానీ, స్టేషన్లో రైలు కదులుతున్నా కిటికీ పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాయమని మరీ మరీ చెప్పారు కదా. అందుకని రాస్తున్నాను. చదివాక నన్నేమీ అనకూడదు.

మీ తమ్ముడు సర్వే క్యాంపు నుంచి వచ్చేదాకా, మీ ఇంటి సున్నాలు పూర్తయ్యేదాకా అత్తయ్యగారు నాతో తిరగడమే మంచిదని అందరం అనుకున్నాం. ఒక్కరినీ ఇంట్లో ఎలా వదిలేస్తాం అన్నాను నేనే. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు కుట్టేసుకోవాలనుంది.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. ఊరూరా హోటళ్ళకి వెళ్ళి మా కంపెనీ పింగాణీ ప్లేట్లు చూపించాలి. పెద్ద హోటళ్ళకి వెడల్పాటి అంచున్న పల్చటి ప్లేట్లు, చిన్న హోటళ్ళకి ఒకదాని మీద ఒకటి విసిరినా పగలని మందపాటివి. ఈ ఊళ్ళో పెద్ద హోటలు మేనేజరు మర్యాదస్తుడు. మా ప్లేట్లలో వడ్డిస్తే ఎలా ఉంటుందో చూద్దామని, మా ఇద్దరినీ రాత్రి భోజనానికి కూర్చోబెట్టాడు. మావయ్యగారు ఉన్నన్నాళ్ళూ హోటలు గుమ్మం తొక్కనివ్వలేదు కాబట్టి అత్తయ్యగారు బెదిరిపోతారేమోనని నా భయం. బెదరడమా! కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్న కుర్రాడికి థాంక్స్ చెప్పి, తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, పరీక్ష రాయడానికొచ్చిన పిల్లలా నిటారుగా కూర్చున్నారు.

సూపు వచ్చింది. ఇంత ప్లేటు, మధ్యలో రెండు చెంచాల సూపు. అత్తయ్యగారు ఒక చెంచా తాగి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. నాకు కంగారు పుట్టింది. తెరిచి, వడ్డించేవాణ్ణి పిలిచి ఇందులో ఏమేం వేశారని అడిగారు. అతను చెప్పాడు. ఎంతసేపు ఉడికించారని అడిగారు. అతను లోపలికెళ్ళి కనుక్కొచ్చి చెప్పాడు. తర్వాత చేప వచ్చింది. దాన్ని తిరగేసి అడుగు చూశారు. పక్క టేబుల్ వాళ్ళు మా వైపు చూశారు. నేను గోడ మీది బొమ్మని చూశాను. అంతా అయ్యాక నా చెవిలో, "అన్నం ఎప్పుడు పెడతారే?" అన్నారు. అయిపోయింది అత్తయ్యా అన్నాను. "ఓహో" అన్నారు. లాడ్జికి వచ్చాక, ఇక్కడ భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నారు.

మర్నాడు బస్టాండు ఎదురుగా ఉన్న హోటలుకి వెళ్ళాం. అక్కడ కుర్చీ లాగేవాడు లేడు, అసలు కుర్చీలే లేవు. పొడుగాటి బల్లలు. ఏం కావాలని ఎవరూ అడగరు, ఉన్నది తెచ్చి ముందు పెట్టేస్తారు. పక్కనున్న లారీ డ్రైవరు మోచెయ్యి అత్తయ్యగారి డొక్కలో పొడుచుకుంటోంది. ఆవిడకి అదేం పట్టలేదు. ఎదురుగా కూర్చున్నాయన సగం కూర వదిలేసి లేవబోతుంటే, "ఎందుకు వదిలేశారు?" అని అడిగారు. పాపం, ఆయన హడలిపోయి మళ్ళీ కూర్చుని మొత్తం తినేసి వెళ్ళాడు.

ఇక నుంచి ఊరికి ఒక పెద్ద హోటలు, ఒక చిన్న హోటలు చూడాలిట. నిర్ణయించేశారు. రెండింటికీ తేడా ఏమిటో గదికొచ్చిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నారు. నాకేమో రేపు పొద్దున్నే బేరానికి వెళ్ళాలి. మీ ఇంటి సున్నాలు ఎంతవరకు వచ్చాయి?

మీ మరదలు


ఫిబ్రవరి 7

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన నవ్వారు. అందుకని నిన్నటి నుంచీ ఆయనతో మాట్లాడటం మానేశాను.

నువ్వేం చేస్తున్నావో నీకు తెలుస్తోందా? అమ్మ వయసులో ఉన్న మనిషిని లారీ డ్రైవర్ల మధ్య బల్ల మీద కూర్చోబెడతావా? నాన్న ఉన్నన్నాళ్ళూ బయట మంచినీళ్ళు ముట్టలేదు, మమ్మల్ని ముట్టనివ్వలేదు. చాదస్తం అంటారు అందరూ. అననీ. మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ కడుపునొప్పి రాలేదు. ఆయన పోయి ఏడాది తిరగలేదు, మీరిద్దరూ ఊరికి రెండు హోటళ్ళు లెక్కన మొదలుపెట్టారు.

పెద్ద హోటలంటే సరే, మీ కంపెనీ పని, శుభ్రంగా ఉంటుంది అనుకుందాం. ఆ బస్టాండు హోటలేమిటి? భోజనం ఎక్కడ దొరుకుతుందో ఆవిడే కనుక్కోమన్నారని రాశావు. మా అమ్మ నోరు తెరిచి నాకిది కావాలి అని అడగగా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గదిలో ఒక స్టవ్వు పెట్టుకుని ఇంత అన్నం పడేయడానికి నీకు బద్ధకమైతే బద్ధకమని చెప్పు, ఏమీ అనుకోను. ఆవిడ మీద పెట్టకు.

సున్నాలు అయిపోయాయి. తూర్పు వైపు గది అమ్మకి. కిటికీ కింద కొత్త మంచం వేయించాను. పరుపు కుట్టేవాణ్ణి రెండుసార్లు వెనక్కి పంపి, మూడోసారికి మెత్తగా కుట్టించాను. నువ్వు చేయాల్సిందల్లా అమ్మని రైలెక్కించి, తంతి కొట్టడం. నేను స్టేషన్‌కి వస్తాను. ఇంత చిన్న పని కూడా చేతకాకపోతే ఎలా?

స్టవ్వు మాత్రం ఈ రోజే కొను.

మీ వదిన


ఫిబ్రవరి 8

వదినగారికి నమస్కారాలు.

మీ దగ్గర్నుంచి ఉత్తరం ఏమీ రాలేదు. అందుకున్నారో లేదో. రెండో ఊరు వచ్చాం.

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేను. ఇక్కడ పెద్ద హోటలు నది ఒడ్డున ఉంది. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న మనుషులు చప్పుడు చేయకుండా నడుస్తారు. భోజనం సగంలో ఉండగా ఒకాయన వచ్చి, ఎలా ఉందమ్మా అని అడిగి వెళ్ళాడు. కాసేపటికి మరొకాయన అదే అడిగాడు. అత్తయ్యగారు ఇద్దరికీ వివరంగా జవాబు చెప్పారు. వాళ్ళు మర్యాదకి అడుగుతారత్తయ్యా, బాగుంది అని తలూపితే చాలు అన్నాను. "అడిగాక చెప్పకపోతే ఎలా?" అన్నారు. మేనేజరు మూడోవాడు. మా ప్లేట్లు ఆయనకి తెగ నచ్చాయి, ఒప్పందం కాగితాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. మర్యాద కోసం అత్తయ్యగారి వైపు తిరిగి, ఈ ప్లేట్ల గురించి మీరేమంటారు మేడమ్ అన్నాడు. ఆవిడేమన్నారో తెలుసా? "అంచు మరీ వెడల్పు బాబూ. కూర పెట్టడానికి గుప్పెడంత చోటు మిగిలింది. తినేవాళ్ళకి కడుపు నిండదు, వడ్డించేవాళ్ళకి చెయ్యి ఆడదు." మేనేజరు ప్లేటుని కొత్తగా చూసినట్టు చూశాడు. ఆలోచించి చెబుతానని కాగితాలు జేబులో పెట్టుకున్నాడు.

గదికి వచ్చాక నేను మాట్లాడలేదు. ఆవిడ గమనించనే లేదు. ఆ సూపు మొదటి ఊరి సూపు కంటే ఎంత బాగుందో చెబుతూ పోయారు.

ఇక చిన్న హోటలు. బట్టల మిల్లు గేటు పక్కన రేకుల షెడ్డు. భార్యాభర్తలు నడుపుతారు. ఆయన ఎప్పుడూ ఊలు టోపీ పెట్టుకుని టీ, రొట్టెలు చూస్తాడు. ఆవిడ లోపల అన్నం, కూరలు వండుతుంది. అత్తయ్యగారు అక్కడ మధ్యాహ్నం తిన్నారు. సాయంత్రం మళ్ళీ వెళ్దామన్నారు. ఇవాళ పొద్దున్న నేను లేచేసరికి పక్క మీద లేరు. చూస్తే అక్కడే, పొయ్యికి ఎదురుగా బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, ఆవిడ ఉల్లిపాయలు ఎలా వేయిస్తోందో చూస్తున్నారు. నేను ప్లేట్ల పెట్టె మోసుకుని వీధి వీధీ తిరుగుతున్నాను. ఆవిడ తిరిగి తింటున్నారు. ఇదీ మా ప్రయాణం.

దయచేసి ఆ సున్నాల వాళ్ళని తొందర పెట్టండి. మీ దగ్గరికి పంపించేస్తాను. మీరైతే చెప్పగలరు, నా మాట వినరు.

మీ మరదలు


ఫిబ్రవరి 12

మరదలికి.

ఈసారి ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా బాబాయి ఉన్నాడు కదా, టెలిగ్రాం బాబాయి, ఆయన ఏదో పని మీద మీరున్న ఊరే వెళ్ళాడు. నిన్న ఆయన ఉత్తరం వచ్చింది. మిల్లు గేటు దగ్గర రేకుల షెడ్డులో, వెనక వైపు, మా అమ్మ పీట మీద కూర్చుని కత్తితో కూరలు తరుగుతోందిట. పక్కన ఇంతెత్తు ఉల్లిపాయల గుట్ట. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయిట. పలకరించడానికి మొహం చెల్లక ఈయన వెనక్కి తిరిగి వచ్చేశాడుట.

నేను ఆ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడిపోయాను. మీ అన్నయ్య కూడా ఈసారి నవ్వలేదు.

ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద హోటల్లో నీ బేరం చెడిందన్నావు. ఆ కోపం అమ్మ మీద తీర్చుకున్నావు. ఆవిడ మనసు కష్టపెట్టుకుని, నీకు భారం కాకూడదని, తన తిండి తాను సంపాదించుకుందామని వెళ్ళి అక్కడ కూర్చుంది. అమ్మ సంగతి నాకు తెలుసు. ఒక్క మాట అనదు, లోపల్లోపల కుమిలిపోతుంది. ఆవిడ కంట నీరు పెట్టడం నాన్న పోయిన రోజున తప్ప నేను చూడలేదు. ఇప్పుడు బాబాయి చూశాడు. అంటే, ఈ పాటికి ఊళ్ళన్నీ చూసినట్టే.

స్టవ్వు కొనమన్నాను. కొన్నావా? పరుపు కుట్టించాను అన్నాను. దానికి జవాబు రాశావా? నువ్వు పంపించేస్తాను అని రాసింది నమ్మి రోజూ స్టేషన్‌కి వెళ్తున్నాను.

తమ్ముడికి క్యాంపుకి తంతి కొట్టాను. వాడే నిన్ను అడుగుతాడు.

వదిన


ఫిబ్రవరి 15

వదినగారికి నమస్కారాలు. నేను మాత్రం మర్యాద తప్పను.

మీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి, రెండో ఊరి లాడ్జి నుంచి దారి మళ్ళి ఇక్కడికి వచ్చాయి. ఇక్కడంటే మూడో ఊరు. వాటితో పాటే మీ తమ్ముడి తంతి. "అమ్మ ఏడుస్తోందా నువ్వు ఏడుస్తున్నావా వెంటనే తెలుపు" అని ఉంది. 'నేను' అని ఒక్క మాట తిరుగు తంతి కొట్టాను.

వదినా, ఉల్లిపాయలు తరిగితే ఎవరికైనా కళ్ళు కారతాయి. టెలిగ్రాం బాబాయిగారు ఎప్పుడైనా వంటింట్లోకి అడుగు పెట్టి ఉంటే ఆ సంగతి ఆయనకీ తెలిసేది.

జరిగింది ఇది. నేను బజారులో ఉండగా టోపీ ఆయన భార్య మరిగే కూర గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. మణికట్టు దాకా బొబ్బలెక్కింది. సరిగ్గా అప్పుడే మిల్లు కూత కూసింది. గేటు తెరిస్తే జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. ఆయన అక్కడ భార్య చేతిని చూసుకోవాలా, వచ్చేవాళ్ళని చూసుకోవాలా తెలియక, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడుట. అత్తయ్యగారు తింటున్న ప్లేటు పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళారు. మీరు ఆవిణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, గరిటె నేను పట్టుకుంటాను అన్నారుట. నేను సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆవిడ మొహం నిండా చెమట, ఒంటి నిండా మసి. పదండి అత్తయ్యా అన్నాను. రేపు వెళ్దామన్నారు. మర్నాడు అడిగితే మళ్ళీ రేపే. నాకు మూడో ఊరికి రైలు టైమయింది. పెట్టె సర్దుకుని చివరిసారి షెడ్డుకి వెళ్ళి, వస్తారా రారా అని గట్టిగానే అడిగాను. పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, "నువ్వెళ్ళి రా అమ్మా" అన్నారు. నేనేదో వీధి చివరికి వెళ్ళి కొత్తిమీర తెస్తున్నట్టు.

వాళ్ళింటి ముందు గది ఇచ్చారు. మర్యాదస్తులు. ఆ చేతి కట్టుతోనే ఆవిడ అత్తయ్యగారికి పక్క వేసింది. ఇది చూశాకే నేను రైలెక్కాను. అయినా నన్ను తప్పు పట్టాలనుకుంటే పట్టండి. పెద్దావిణ్ణి చెయ్యి పట్టి ఈడ్చుకురావడం నావల్ల కాలేదు.

స్టవ్వు గురించి. కొన్నాను. ఇది మీ ఉత్తరం రాకముందే, మొదటి ఊళ్ళోనే. అత్తయ్యగారు దాని మీద టీ కూడా పెట్టనివ్వలేదు. "ఇంటి వంట తినడానికి ఇంత దూరం రావాలా?" అన్నారు. ఆ స్టవ్వు ఇప్పుడు నా ప్లేట్ల పెట్టె మీద కూర్చుని, నాతో పాటు ఊళ్ళు తిరుగుతోంది.

నిన్న రాత్రి ఇక్కడి పెద్ద హోటల్లో ఒక్కదాన్నే తిన్నాను. అద్దాల దీపాలు, మెత్తటి తివాచీ. నా పక్కన ఎవరూ నన్ను సిగ్గుపడేలా చేయలేదు. ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నాను. చేప వచ్చింది. దాన్ని తిరగేసి అడుగు చూస్తున్నానని కాసేపటికి గాని నాకే తెలియలేదు. పొద్దున్న స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో గుడ్డు, రొట్టె తిన్నాను. ఉడుకుడుకుగా ఉంది, ప్లేటు మాత్రం జిడ్డు. ఈ రెండు ముక్కలూ చెప్పుకోవడానికి మనిషి లేదు. అత్తయ్యగారి మీద ఇంకా ఒళ్ళు మంట వచ్చింది.

మీరే వెళ్ళండి వదినా. మీ అమ్మ, మీ ఇష్టం.

మీ మరదలు


ఫిబ్రవరి 17

మరదలికి ఆశీస్సులు.

వెళ్తున్నాను. రేపటి బండికి.

చెయ్యి కాలినావిణ్ణి ఆదుకోవడం మంచిదే, కాదనను. ఒక్క పూట సాయం చేసి రావచ్చు. కాపురం పెట్టనక్కర్లేదు. నీకు చెప్పడం చేతకాలేదు. నాలుగు ముక్కలు నెమ్మదిగా చెబితే వినే మనిషి మా అమ్మ. ఎల్లుండి ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఇంట్లో ఉంటాను.

బాబాయి సంగతి నువ్వు రాసిన పద్ధతి నాకు నచ్చలేదు. ఆయన వంటింట్లోకి రాడన్నది మాత్రం నిజం.

మీ వదిన


ఫిబ్రవరి 21

వదినగారికి నమస్కారాలు.

మీ తంతి అందింది. "అమ్మ రావట్లేదు. నేనూ రావట్లేదు. ఉత్తరం రాస్తాను." ఇదేం తంతి వదినా? ఇదే మీ ఇంటికి కూడా కొట్టినట్టున్నారు. అన్నయ్యగారు నాకు తంతి కొట్టారు, నా భార్య ఎక్కడ అని. మీ తమ్ముడు కొట్టాడు, మా అక్కకి ఏమైంది అని. నేను ప్లేట్లు అమ్ముకోవడానికి వచ్చానా, మీ ఇంటి తంతి ఆఫీసు నడపడానికి వచ్చానా? లాడ్జి గుమాస్తా నన్ను జాలిగా చూస్తున్నాడు. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుంటున్నాడు.

అత్తయ్యగారి ఒంట్లో బాగుందా? మీరిద్దరూ పోట్లాడుకున్నారా? రావట్లేదు అంటే ఇవాళ రావట్లేదా, అసలు రావట్లేదా? మీరు మిల్లు కూత వేళకి వెళ్ళి ఉంటే ఆవిడ మీకు జవాబే చెప్పి ఉండరు. ఆ సంగతి ముందే రాయాల్సింది.

ఈ ఉత్తరం షెడ్డు చిరునామాకే పంపుతున్నాను. వెంటనే జవాబు రాయండి. తంతి వద్దు.

మీ మరదలు


ఫిబ్రవరి 23

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

మీ అన్నయ్యకి వేరే రాశాను. తమ్ముడికి కూడా. నీకు మొత్తం రాస్తాను, ఎందుకంటే సగం రాస్తే నువ్వు మిగతా సగం ఊహించుకుంటావు. నేనూ అంతే అనుకో.

నేను సరిగ్గా మిల్లు కూత వేళకే వెళ్ళాను. అమ్మ నన్ను చూసింది. "వచ్చావా, అలా కూర్చో" అంది. అంతే. కూతురు రైలు దిగి, పెట్టె మోసుకుని, చెమటలు కక్కుకుంటూ వస్తే ఆ మాట. పక్కన ఎవరో డ్రైవరు నాకు చోటిచ్చాడు. అమ్మ వచ్చి నా ముందు ప్లేటు పెట్టి, మరో నలుగురికి పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. జనం సద్దుమణిగాక మాట్లాడదామంటే, అంట్లన్నారు. అంట్లయ్యాక రాత్రి వంటకి కూరలన్నారు. ఆ షెడ్డులో గొంతు పెంచకుండా ఒక్క ముక్క చెప్పలేను, గొంతు పెంచితే టోపీ ఆయన బిక్కచచ్చిపోతున్నాడు.

దాంతో అమ్మని నది ఒడ్డు హోటలుకి లాక్కెళ్ళాను. అక్కడైతే పొయ్యి ఉండదు, ఎవరూ పిలవరు, కూర్చుని వినక తప్పదు అనుకున్నాను. నీ మేనేజరు అమ్మని గుర్తుపట్టి నది కనిపించే టేబుల్ ఇచ్చాడు. ఏం తెప్పించుకోవాలో నాకు తెలియక బిక్కమొహం వేస్తే, అమ్మే నాకూ చెప్పింది. అక్కడ నేను గొంతు పెంచడానికి వీల్లేదన్నది నాకు తర్వాత తట్టింది. నా జీవితంలో మొదటిసారి గుసగుసగా పోట్లాడాను. పళ్ళు బిగించి గుసగుసలాడితే దవడలు నొప్పి పుడతాయి.

చెప్పాల్సిందంతా చెప్పాను. నీకోసం గది తయారు చేశాను, పరుపు కుట్టించాను, నీకేం తక్కువ చేశామని పరాయి వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్నావు, నాన్న చూస్తే ఏమనేవారు అన్నాను. నేను కోపం పట్టలేకపోతున్న ప్రతిసారీ తెల్ల తొడుగుల వాడొకడు వచ్చి, ఎలా ఉంది మేడమ్ అని అడిగి వెళ్ళేవాడు. నేను తలూపేదాన్ని. అమ్మ సూపు తాగుతోంది. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అప్పుడు మాట్లాడింది.

"నేను వంట బాగా చేస్తానో లేదో నాకు తెలీదే" అంది.

నాకు అర్థం కాలేదు. నీ వంటకేమమ్మా అన్నాను.

"నువ్వు కూతురివి, నువ్వలాగే అంటావు. మీ నాన్న బాగుందని ఏనాడూ అనలేదు. బాగోలేదనీ అనలేదు. తినేవారు, చెయ్యి కడుక్కునేవారు, వెళ్ళిపోయేవారు. ఒకరింటికి వెళ్ళి తిన్నది లేదు, ఒకర్ని పిలిచి పెట్టింది లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ వండాను. అది మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది? నలుగురి వంటా తిని చూస్తేనే కదా నాది ఎక్కడుందో తెలిసేది. అందుకే తిరిగాను."

నేను ఏడవలేదు. అక్కడ ఏడిస్తే తెల్ల తొడుగుల వాడు మళ్ళీ వస్తాడు. తెలిసిందా మరి అని అడిగాను.

"తెలిసింది" అంది. చాలా మామూలుగా, కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. ఈ హోటలు సూపు ముందు తన చారు దేనికీ పనికిరాదుట. చేప మాత్రం వీళ్ళకంటే తనే బాగా చేస్తుందిట, వీళ్ళు అడుగు మాడుస్తారుట. బస్టాండు హోటలు వాడికంటే చాలా నయం. టోపీ ఆయన భార్య కూరల్లో తనకంటే ఒక మెట్టు పైన, అన్నం వార్చడంలో ఒక మెట్టు కింద. "మరీ గొప్పగా ఏం చేయను. కానీ బాగానే చేస్తాను" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది నువ్వు. సంతోషమని అనలేను. ఎన్నాళ్ళగానో తప్పిపోయిన వస్తువు బీరువా వెనక కనిపిస్తే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

పెద్ద హోటల్లో రోజూ తింటే బాగానే ఉంటుంది గానీ, ఇక్కడ అందరూ ప్లేటు సగంలో వదిలేసినా బాగుందనే చెబుతారుట. మిల్లు దగ్గర ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు. నచ్చితే ప్లేటు ముందుకి తోస్తారు, నచ్చకపోతే వదిలేసి పోతారు. మొన్న తను వండిన పప్పు సగం మంది వదిలేశారుట. మర్నాడు మార్చి చేస్తే ఎవరూ వదల్లేదుట. ఈ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది.

రేపు నాతో వస్తావా అని చివరిసారి అడిగాను. "ఆవిడ చెయ్యి నయమయ్యేదాకా రాను. అయ్యాక కూడా ఉండమంటున్నారు. ఉంటాను. మిల్లు సెలవులప్పుడు నీ దగ్గరికొస్తాను, గది అలాగే ఉంచు" అంది. కిటికీ కింద మంచం చూసుకుని మురిసిపోయింది నేనొక్కదాన్నేనన్నమాట. కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

అయినా మర్నాడు బండి ఎక్కకుండా ఎందుకు ఆగిపోయానో చెప్పాలి. దారిలో నడుస్తూ అమ్మ ఉన్నట్టుండి, "నీ వంట నేనెప్పుడూ తినలేదు" అంది.

నిజమే. నువ్వు మా ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ ఉన్న సంగతి ఇది. నాన్న నా ఇంటికి వచ్చినా క్యారేజీ కట్టించుకునే వచ్చేవారు, తనకీ అమ్మకీ. నా వంటింట్లో నేను వండింది నా వాళ్ళు తింటుంటే, వాళ్ళిద్దరూ పక్క గదిలో ఆ క్యారేజీ విప్పుకునేవారు. అమ్మ తలెత్తేది కాదు. నేను పీటలు వేసి వచ్చేదాన్ని. ఇలా ఎన్నేళ్ళు జరిగిందో నేను లెక్కపెట్టుకోలేదు.

పొద్దున్న అమ్మ నా చేతికి గరిటె ఇచ్చింది. ఇవాళ నువ్వు వండు అంది. అంతమందికి నేనెలా వండుతానమ్మా, మా ఇంట్లో ఉండేది నలుగురం అన్నాను. టోపీ ఆయన భార్య కట్టు కట్టిన చేత్తోనే కొలతలు చెప్పింది. బంగాళాదుంపల కూర, చారు, అన్నం. ఆ పొయ్యి ముందు నిలబడితే తెలిసింది, అమ్మ మొహం నిండా అంత చెమట ఎందుకు ఉంటోందో. కూత కూసింది. జనం వచ్చారు. తిన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇద్దరు ప్లేట్లు ముందుకి తోశారు, ఒకాయన వదిలేశాడు. ఆయన వెంట పరుగెత్తి ఎందుకు వదిలేశారని అడగాలనిపించింది. నీ మీద ఒట్టు.

అందరి తర్వాత అమ్మ వచ్చి బల్ల చివర, డ్రైవర్ల పక్కన కూర్చుంది. నేను వడ్డించాను. ఆవిడ నెమ్మదిగా తింటోంది. నేను గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. తలెత్తదు. కూర కలుపుకుంది, చారు పోసుకుంది, మొత్తం తినేసింది. ఆవిడ చేతినే చూస్తూ ముద్దలు లెక్కపెడుతున్నాను. పిల్లల తల్లిని, ఈ వయసులో.

"ఉప్పెక్కువైంది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా నిద్ర లేకుండా, ఇల్లు వదిలి, మొగుడికి తంతి కొట్టి నిలబడ్డ దాన్ని నేను. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. అమ్మ ఖాళీ ప్లేటు నా వైపు తోసి, "ఇంకొంచెం వెయ్యి" అంది.

వేశాను.

మీ వదిన